ఎర్ర పట్టీ లేని బాంబు

నిన్న మా గేటుకి ఎర్ర రంగు వేయించాను. డబ్బా మూత తీయగానే ఘాటు వాసన ముక్కుకి తగిలింది, దాంతోపాటే దానియేలు సార్ గుర్తుకొచ్చారు. ఈ వయసులో ఎవరైనా గుర్తుకొచ్చారంటే కాసేపు కూలబడి కూర్చోవలసిందే. పెయింటర్ నాకు కళ్లు తిరిగాయనుకుని మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

డెబ్బైల్లో ఒమన్ తీరాన, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాళ్లు విమానాలు దింపుకున్న ఒక పాత మైదానం పక్కన మా కంపెనీ రోడ్డు వేస్తుండేది. కూలీలం చాలామందిమి నిజామాబాదు, కరీంనగర్ వైపువాళ్లం. సార్‌ది నరసాపురం. మన వైమానిక దళంలో విమానాలకు బాంబులు ఎక్కించే పని చేసి, రిటైరయ్యాక మా సైట్‌కి సేఫ్టీ ఇన్‌ఛార్జిగా వచ్చారు. ఆ రోజుల్లో మనవాళ్లు వాడినవీ బ్రిటిష్ బాంబులేనట. ఇక్కడ తవ్వితే ఎప్పుడో ఒకటి బయటపడుతుందని ఆయన మెస్ గోడ మీద బాంబు బొమ్మ వేశారు. ముదురాకుపచ్చ ఒళ్లు, ముక్కు దగ్గర చుట్టూ ఎర్ర పట్టీ, దాని కింద లేతాకుపచ్చ పట్టీ.

"ఎర్ర పట్టీ ఉందంటే లోపల మందు కూరారని. ఆకుపచ్చది ఏ రకం మందో చెప్పుద్ది. కనబడితే చెయ్యి పెట్టకండర్రా, నన్ను పిలవండి" అన్నారు. ఆ పాఠం మా బుర్రలకు బాగానే ఎక్కింది, ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువే.

ఆ ఇసుకలో పొయ్యికి పెట్టుకుందామంటే సరిపడా రాళ్లు దొరకవు. మా వంటమనిషి గంగారాం ఎక్కడో దొరికిన తుప్పు పట్టిన ఇనుప దిమ్మను దొర్లించుకొచ్చి, పొయ్యికి మూడో రాయిగా పెట్టి అన్నం వండుతున్నాడు. మధ్యాహ్నం కంచం పట్టుకుని వచ్చిన సార్ దాని ఆకారం చూసి ఆగిపోయారు. కంచం మెల్లగా కింద పెట్టారు.

"గంగారాం, గరిటె అక్కడే వదిలేసి ఇటు రావయ్యా."

"ఎర్ర పట్టి లేదు గద సార్! మీరు చెప్పినట్టే మంచిగ చూసుకోని తెచ్చిన."

సార్ అందర్నీ దూరంగా పంపేసి, దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా ఎండలో కూర్చున్నారు. మిలిటరీవాళ్లు వచ్చి చూసి, అది శిక్షణకు వాడినదనీ, లోపల ఉన్నది ఇసుకేననీ తేల్చారు. అన్నం మాడి బొగ్గయింది. ఆకలితో ఉండి కూడా పగలబడి నవ్వాం. మేనేజర్ మాత్రం నవ్వలేదు. ఇంకోసారి ఉత్తపుణ్యానికి పని ఆపితే ఇంటికి పంపిస్తానన్నాడు. సార్ కూతురి నర్సింగ్ చదువు ఆ జీతం మీదే నడుస్తోందని మాకందరికీ తెలుసు.

మర్నాడు ఆయన మొదటి బొమ్మ పక్కనే ఏ పట్టీ లేని బాంబు వేశారు. డబ్బా నేను పట్టుకున్నాను.

"రంగు ఎండకి పోద్ది, ఉప్పుగాలికి పోద్ది, మంటకి పోద్ది. పట్టీ లేకపోతే ఖాళీ అని కాదురా, మనకి తెలీదని. ఈ ముక్క నేను మొదటే చెప్పాల్సింది" అన్నారు. ఆ రాత్రి నిద్రపోయినట్టు లేరు. కుంచె పట్టుకున్న చెయ్యి బరువుగా కదులుతోంది.

కొన్ని వారాలకి బుల్డోజర్ ముందు మరొకటి బయటపడింది. దాని ఒంటి మీద రంగన్నదే లేదు. పక్కకి నెట్టేయమన్నాడు మేనేజర్. డ్రైవర్ సార్ వైపు చూశాడు, మేమూ చూశాం. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇంజన్ ఆపవయ్యా" అన్నారు నీరసంగా.

అదీ ఖాళీదే. మేనేజర్ అన్నంత పనీ చేశాడు.

ఆయన వెళ్లే రోజు పెట్టె నేనే జీపులో పెట్టాను. నాకు ఏడుపు ఆగలేదు.

"రెండు సార్లు గూడ ఖాళీదే అయిపాయె సార్. ఆ మొదటిదన్న నిజందైతే మీ నౌకరీ ఉంటుండె."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "అలా అనకురా. మొదటిది నిజందైతే గంగారాం ఉండేవాడా?"

తర్వాత ఒమన్‌లోనే సోహార్ ఊళ్లో నేను ఫోర్‌మన్‌నయ్యాను. అనుమానం వచ్చి ఎన్నిసార్లు పని ఆపించానో, ఎన్ని తిట్లు తిన్నానో లెక్కలేదు. ఇప్పుడు ఇంట్లో రోజూ పడుకునే ముందు గ్యాస్ బండ దగ్గరికి వెళ్లి వాసన చూస్తాను. "ఏం లేదు మామా, నేను బంద్ చేసిన" అని కోడలు నవ్వుతుంది. ఏమీ లేనందుకు నేనూ నవ్వుతాను.