డిఫరెన్షియల్‌లో ఉండపాకం

నాలుగు పేజీల ఇంగ్లీషు చదివిన మనిషి ఊరి నడుమ ఎంత ఘనంగా పరువు పోగొట్టుకోగలడో తెలుసుకోవాలంటే, కాస్త ఇలా దగ్గరికి జరగండి. ఆ మనిషి నేనే. ఊరు నర్సీపట్నం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ తప్పాను గానీ లైబ్రరీకి వెళ్లడం మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. స్కూటర్ మెకానిక్ అప్పలరాజన్న, నేను కలిసి విశాఖపట్నంలో రెండు పాత రిమోట్ కార్లు కొన్నాం. పిల్లల బొమ్మలు కావవి, ప్రతి మరా విప్పి బిగించుకునే రకం. రెండూ కవలలే. ఆదివారం బెల్లం కొట్టు ముందున్న సిమెంటు గచ్చు మీద పందెం. నేను ఓడితే నా లైబ్రరీ కార్డు నెల్లాళ్లు ఆయనది. ఆయన ఓడితే టీకొట్టు ముందు నిలబడి "పుస్తకంలో ఉన్నదే నిజం" అని మూడుసార్లు అనాలి.

కార్డు పోతే నాకు ఊపిరి పోయినట్టే. అయినా వెనక్కి తగ్గలేదు. నా దగ్గర అట్టలేని ఆటోమొబైల్ పుస్తకం ఉంది, అందులో డిఫరెన్షియల్ మీద ఒక అధ్యాయం ఉంది.

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దే పళ్లచక్రాల డబ్బాయే డిఫరెన్షియల్. అది మరీ వదులైతే బలమంతా గాల్లో తేలిన చక్రానికే పోయి వృథా అవుతుంది. అందుకని లోపల చిక్కటి ద్రవం నింపాలట. ఎంత చిక్కనైతే అంత పట్టు.

"సిటికెడు గ్రీజెట్టి మూసీరా," అన్నాడు అప్పలరాజన్న.

"పుస్తకంలో గ్రీజని లేదన్నా. ద్రవం అనుంది."

"ఆ పుస్తకం రాసినోడు నర్సీపట్నం ఒచ్చాడేటి?"

నేను పట్టు వదల్లేదు. ఇంట్లో ఉన్నవన్నీ చెంచాతో పోసి పరీక్షించాను. ఆముదం పరుగెత్తింది. ఏజెన్సీ తేనె నడిచింది. వేరుశనగ ఉండల కోసం అమ్మ పొయ్యి మీద పెట్టిన బెల్లం పాకం మాత్రం, సంతకం కోసం ఎదురుచూసే ఫైలులా, కదలాలా వద్దా అని ఆలోచిస్తూ దిగింది. నేను గంతేశాను.

"ఆ పాకం ఏటికిరా?" అంది అమ్మ.

"కారుకమ్మా."

"బుర్రుందేట్రా? అది ఉండపాకం. సల్లారితే రాయైపోద్ది."

"ఈ చిక్కదనాన్ని స్నిగ్ధత అంటారమ్మా. నీకు తెలీదు."

"నాకదేటో తెల్దు గానీ, పాకం తెల్సు!"

ముప్పై ఏళ్లుగా పాకం పడుతున్న మనిషికి పాకం మీద పాఠం చెప్పినవాణ్ణి ఏమనాలో మీరే అనుకోండి.

వేడివేడిగా నింపి మరలు బిగించాను. ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు దిక్కుకు బరువుగా తిరిగింది. అచ్చం పుస్తకంలో చెప్పినట్టే! మర్నాడు పొద్దున చూస్తే రెండూ ఒకదాన్నొకటి వదలకుండా ఒకే వైపు తిరుగుతున్నాయి. బుద్ధున్నవాడైతే అక్కడ ఆగేవాడు. "ఆహా, ఏం పట్టు!" అనుకున్నాను నేను.

పందెం మొదలైంది. తిన్నగా ఉన్నంతసేపూ నా కారే ముందు. గచ్చు చివర మలుపు వచ్చింది. అప్పలరాజన్న కారు ఒయ్యారంగా తిరిగింది. నా కారు ముందు చక్రాలు పక్కకు చూశాయి గానీ, వెనక చక్రాలు రెండూ ఒక్కమాట మీద నిలబడి తిన్నగా తోసేశాయి.

"తిప్పరా! బేగి తిప్పు!"

"తిప్పుతున్నానన్నా! అదే వినట్లేదు!"

కారు నేరుగా వెళ్లి, పుట్టింటికి చేరిన కూతురిలా, కొట్టు ముందు పేర్చిన బెల్లం దిమ్మల్లో తల దూర్చింది.

అప్పలరాజన్న అక్కడే డబ్బా విప్పాడు. లోపల పాకం రాయైపోయి ఉంది. ఉండలో వేరుశనగ గింజల్లా పళ్లచక్రాలు అందులో ఇరుక్కుపోయాయి. ఆయన స్క్రూడ్రైవరుతో చిన్న ముక్క పెళ్లగించి నాలిక మీద వేసుకున్నాడు.

"పాకం బాగానే కుదిరింది. యాలకులే మర్సిపోయావు."

"నువ్వేం వేశావన్నా?"

"సిటికెడు గ్రీజు."

కార్డు ఇచ్చేశాను. పుస్తకం ముట్టని మనిషి దాన్నేం చేసుకుంటాడులే అని ధైర్యం చెప్పుకున్నాను. మర్నాడు సాయంత్రం ఆయన లైబ్రరీ నుంచి తిన్నగా మా ఇంటికొచ్చి ఒక పుస్తకం నా చేతిలో పెట్టాడు. వంటల పుస్తకం.

"పాకాలన్నీ ఇందులో రాసేరు, సదువు. పుస్తకంలో ఉన్నదే నిజం కదేటి!"

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది: "బేగి సదివి సెప్పరా, నేనూ నేర్సుకుంటాను."

ఆ వంటల పుస్తకం మీదే చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో కారులో ఏది పోసినా, ముందు అమ్మనడిగే పోస్తాను. సిటికెడు గ్రీజైనా సరే.