రాతిగుండు కింద

కొండాపూర్ వైపు బండలు పేల్చి ఆఫీసులు కడుతున్న రోజులవి. సిటీ బస్సులో నా పక్కన ఒక ముసలామె కూర్చుంది. ఒళ్లో పాత చీరముక్కలో ఏదో బరువైన మూట. కుదుపుకు గుడ్డ జారితే పసుపు పూసిన చిన్న రాయి కనిపించింది.

"పోశమ్మ తల్లి," అంది, నా చూపు గమనించి. "మా పెద్దగుండు కింద ఉంటుండె. ఆదివారం బోనం చేసి తల్లిని వేరే జాగకు జరుపుదమనుకున్నం. శుక్రవారమే గుండు పేలుస్తున్నమని సీటీ కొట్టిండ్రు. అందరం దూరం ఉరికినం. తల్లి ఆడనే ఉండిపాయెనని మా ముసలాయన మళ్ల లోపటికి పోయిండు."

మూటను ఒళ్లోకి దగ్గరగా లాక్కుని, "తల్లికేం కాలే," అంది.

నా చేతిలో భూగోళం పుస్తకం తెరిచి ఉంది. ఆరోజు పిల్లలకు అలలు, హిమానీనదాలు నేలను ఎలా మలుస్తాయో చెప్పాలి. సముద్రంలో తోరణంలా నిలబడ్డ బండ బొమ్మ మీద ఆమె వేలు పెట్టింది.

"దీన్నెవరు తొలిచిండ్రు?"

"అలలమ్మా. వేల ఏళ్లుగా తొలుస్తున్నాయి. ఎప్పుడో ఒకప్పుడు అదీ కూలిపోతుంది."

ఆమె బొమ్మ మీదికి వంగింది.

"కింద ఎవరన్న ఉంటరా, బిడ్డా?"

"ఎవరూ ఉండరమ్మా."

"మంచిదాయె," అని రాయి మీద గుడ్డ సర్దింది. కొత్తగూడలో దిగిపోయింది.

ఆ పాఠం ఇప్పటికీ చెబుతున్నాను. హిమానీనదాల గురించి గడగడా చెప్పేస్తాను. ఆ తోరణం కూలిపోతుందని చెప్పే ముందు మాత్రం, బొమ్మలో దాని కింద ఒకసారి చూసుకుంటాను.