వైండింగ్‌కి వెళ్ళిన మోటారు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవిలో, రాజోలుకు దిగువన సముద్రపు ఒడ్డున కొత్తగా కట్టిన ఒక విడిది ఇంటికి కేర్‌టేకర్‌గా చేరాను. అంతకు ముందు మస్కట్‌లో హోటల్ హౌస్‌కీపింగ్ శాఖలో పనిచేశాను. ఆ శాఖలో మెట్లుంటాయి. గదులు సర్దే అటెండెంటు, ఆమె పైన ఫ్లోర్ సూపర్‌వైజరు, అందరి మీదా హెడ్ హౌస్‌కీపరు. కింది మెట్టు నుంచి పై మెట్టుకు చేరడానికి నాకు సగం జీవితం పట్టింది. ఇక్కడ మాత్రం చేరిన రోజే మూడు ఉద్యోగాలూ కట్టబెట్టారు.

వేసవిలో సముద్రపు ఒడ్డు ఇంటిని నడపడమంటే ఉప్పుతోనూ ఇసుకతోనూ రోజూ తగువే. ఉప్పుగాలికి తలుపు బందులు బిగిసిపోతాయి కనుక వారం వారం గ్రీజు పెట్టాలి. ఏసీల బయటి పెట్టెలు తుడవకపోతే సీజను మధ్యలోనే మూలపడతాయి. పదింటికి ఒక పార్టీ ఖాళీ చేస్తే ఒంటిగంటకు ఇంకొకరు దిగుతారు. ఆ మధ్య వ్యవధిని మా వృత్తిలో టర్నోవర్ అంటారు. అది నెగ్గాలంటే మంచానికి మూడు జతల దుప్పట్లుండాలి. ఒకటి పరుపు మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. ఇదంతా నాకు కొట్టిన పిండే. నన్ను ఏడిపించినవి నీళ్ళు.

అక్కడి బోరు నీళ్ళు ఉప్పు. గచ్చు కడగడానికీ మరుగుదొడ్లకూ తప్ప పనికిరావు. మంచినీళ్ళకు దిక్కు పెరట్లోని నుయ్యి. అది ఇంటికన్నా చాలా పాతది. స్థలం కొన్నప్పుడే, పక్క పాలెంలోని బెస్తవాళ్ళు ఎప్పటిలాగే అందులో తోడుకోవచ్చని మాట. ఆ నేలలో ఉప్పు నీటి మీద వాన నీరు పలచగా తేలి ఉంటుంది. చేదతో తోడితే ఏడాదంతా తియ్యగానే వస్తుంది. బలంగా లాగితే అడుగునున్న ఉప్పు పైకి ఎగదన్నుతుంది.

యజమాని వెంకటరత్నంగారిది అమలాపురం, రొయ్యల మేత వ్యాపారం. మంచి మనిషే, కానీ గొప్ప చూపించుకోవడమంటే ప్రాణం. మేడ మీద రెండు బాత్‌టబ్బులు పెట్టించి, అవి నిండడానికి నూతికి మూడు హార్స్‌పవర్ మోటారు బిగించారు. వద్దండీ అని చెప్పాను. మస్కట్లో ఎడారిలోనే టబ్బులు నింపేరు కదండీ అన్నారు. ఆ నీళ్ళు సముద్రాన్ని శుద్ధి చేసి తెస్తారని చెప్పేలోగా ఆయనకు వేరే ఫోను వచ్చింది.

సీజను మొదలైంది. టబ్బులో ఒకసారి మునిగి, నురగ సరిగ్గా రాలేదని మళ్ళీ నింపుకునేవారు అతిథులు. వారం తిరగకుండానే, మా ఇంట్లో దుప్పట్లు ఉతికే నాగమణి పాలెం నుంచి బిందె పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

"రుచి చూడండమ్మగారూ. పప్పు ఉడకట్లేదండి. కాలవలు కట్టేసేరు, చెరువులో బురదే ఉంది. ఇయ్యీ పోతే మేమేం తాగాలండీ?"

పుక్కిలించి ఊశాను. నిజమే, ఉప్పు తిరుగుతోంది. ఫోను చేస్తే వెంకటరత్నంగారు, సీజను కదండీ, వానలు పడేదాకా కాస్త సర్దుకోమనండి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పిల్లాపాపలతో ఉన్న పాలెమంతా ఉప్పునీళ్ళు తాగుతూ సర్దుకోవాలి, ఎవరో టబ్బులో కాళ్ళు చాపుకోవడానికి! అయితే యజమానితో తగువు పడి గెలిచిన ఉద్యోగిని నేను ఏ దేశంలోనూ చూడలేదు. అందుకని తగువు మానేసి మోటారు విప్పించాను.

నాగమణి పెనిమిటి అప్పారావు పానా పట్టుకొచ్చి విప్పాడు. ఇద్దరూ దాన్ని మోసుకెళ్ళి వాళ్ళ పాకలో వలల కింద పెట్టారు. "తెలిస్తే మీ ఉద్యోగం పోద్దండి," అంది నాగమణి. "పోతే మీ పాకలో వలలు అల్లుకుంటాలే," అన్నాను. వెంకటరత్నంగారికి మాత్రం మోటారు కాలిపోయిందనీ, అమలాపురంలో వైండింగ్‌కి ఇచ్చామనీ చెప్పాను. మోటారు వైండింగ్‌కి ఇచ్చినవాడికి ఏ సాకు చెప్పినా నమ్ముతాడు. మొదటి వారం రాగితీగ రాలేదన్నాను. రెండో వారం మేస్త్రి పెళ్ళికి వెళ్ళాడన్నాను. ఆయన నిట్టూర్చి, "ఆయ్, వాళ్ళెప్పుడూ అంతేనండి," అన్నారు.

ఇక అతిథుల సంగతి. నీళ్ళు లేవంటే గొడవ చేస్తారు. అందుకని లేవనలేదు. నూతి చుట్టూ కొబ్బరాకుల దడి కట్టించాను. ఆడవాళ్ళకు ఒక వైపు, మగవాళ్ళకు ఒక వైపు, చెరొక గిలక. సున్నిపిండి, కుంకుడు పులుసు సిద్ధంగా ఉంచి, గుమ్మంలో బోర్డు పెట్టాను: "నూతి స్నానం. ఉదయం మాత్రమే. ముందుగా చెప్పినవారికే." దొరకదంటేనే గిరాకీ. తెల్లారకుండానే తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరస కట్టేవారు. చేదతో తోడుకునేవాడు రెండు బకెట్లకే ఆయాసపడతాడు కనుక నూతికి బెంగ లేదు.

అంతటితో ఆగితే బాగుండేది. వంటింటికి కావలసిన నీళ్ళు తోడలేక మావాళ్ళ నడుములు పడిపోతున్నాయి. అందుకని స్నానానికి ముందు అతిథి గంగమ్మకు దణ్ణం పెట్టి, నూతి పక్కనున్న సిమెంటు గాబులో నాలుగు చేదలు పోయాలనీ, అది ఇక్కడి ఆచారమనీ చెప్పాను. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి మరీ పోసేవారు.

"మనకి ఈ ఆచారం ఎప్పుణ్ణుంచండీ?" అని చెవిలో అడిగింది నాగమణి.

"మొన్నటినుంచి," అన్నాను.

మే మధ్యకల్లా నీళ్ళలో ఉప్పు విరిగింది. పాలెంలో పప్పు ఉడికింది. సరిగ్గా అప్పుడే వెంకటరత్నంగారికి కాబోయే వియ్యంకుడు, మండపేటలో రైసుమిల్లు ఉన్న పెద్దమనిషి, కుటుంబంతో వచ్చి దిగారు. టబ్బులు చూపించి మెప్పించాలని మా యజమాని తహతహ. మర్నాడు వస్తూ వస్తూ, మేస్త్రిని నాలుగు దులిపి మోటారు కారులో వేసుకొద్దామని అమలాపురంలో షాపు దగ్గర ఆగారట. అక్కడ మా మోటారు ముఖం ఎవరూ చూడలేదు.

కారు దిగిన మనిషి ముఖం జేగురు రంగులో ఉంది. పెరట్లోకి వచ్చి, అందరి ముందూ, "మోటారేదండీ?" అని గట్టిగా అడిగారు. నా ఉద్యోగం ఆఖరి క్షణాల్లో ఉందనుకున్నాను. నిజంగా భయపడ్డాను. నాతో పాటు నూతి పనీ అయిపోతుంది.

దడి లోపలి నుంచి తడి పంచెతో వియ్యంకుడుగారు బయటికొచ్చారు. ఒంటి నిండా సున్నిపిండి, ముఖం నిండా నవ్వు.

"మోటారేంటి బావగారూ! పాతికేళ్ళయిందండి ఇలా నూతికాడ తానం చేసి. ఊరూరా మోటార్లెట్టేసి నూతులు పాడుచేసేరు. మీరు ఒక్కరే పెట్టించకుండా ఉంచేరు. అదండీ ముందుచూపంటే!"

వెంకటరత్నంగారు నా వైపు చూశారు. నేను గిలక వైపు చూశాను.

"ఆయ్," అన్నారాయన. "ఎంతమంది చెప్పినా నేనొప్పుకోలేదండి."

"రండి మరి, ముందు గాబు నింపాలంట కదా," అని వియ్యంకుడు చేద ఆయన చేతికిచ్చారు. ఇస్త్రీ చొక్కా చేతులు మడుచుకుంటూ, "అవునండి, మా తాతలనాటి ఆచారం," అన్నారు మా యజమాని. నాగమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దడి వెనక్కి పారిపోయింది.

వియ్యంకుడివాళ్ళు వెళ్ళాక వెంకటరత్నంగారు నన్ను పక్కకు పిలిచి మోటారు ఎక్కడుందో అడిగారు. వలల కింద అన్నాను. అక్కడే ఉండనీయమన్నారు. నేను రిటైరయ్యేదాకా ఆయన ఆ మాట మార్చుకోలేదు.

వద్దని చెప్పిన ఉద్యోగిని మార్చడం యజమానికి ఒక్క ఫోనుతో పని. నలుగురి ముందు తన నోటితో వద్దన్నది మార్చుకోవడం ఆయన తరం కాదు. అందుచేత చెప్పవలసిన 'వద్దు' ఏదైనా సరే, ముందు యజమాని చేత చెప్పించాలి. హౌస్‌కీపింగ్ శిక్షణలో ఈ పాఠం లేదు, చేర్చదగ్గదే.