ఆదివారం ఏడు గంటల రింగు

మా చిన్నప్పుడు... ఆదివారం సాయంత్రం ఏడయిందంటే మా ఇంట్లో ఫోను మోగినా ఎవరూ ఎత్తకూడదు. ఎత్తామా, వీధి వీధంతా మా మీద పడేది!

నవ్వకండి, చెప్తా. మాది నగరి దగ్గర చిన్న ఊరు. ఊరంటే ఒక మగ్గాల వీధి, అంతే. పొద్దున లేచింది మొదలు పవర్‌లూముల టకటకలే. తొంభైల చివర్లో వీధి మొత్తానికి ఫోను మా ఇంట్లోనే ఉండేది... గూట్లో నల్లటి ఫోను, డయలుకు చిన్న తాళం, పైన మా అమ్మ కుట్టిన పూల గుడ్డ. అది పెట్టించడానికి నాయన టెలిఫోన్ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో.

నిజం చెప్పాలంటే ఆ వీధిని నిలబెట్టింది ఆ ఫోనే. అంతకుముందు మద్రాసులో ఏ రంగు లుంగీ పోతోందో తెలిసేది కాదు. నాయన బస్సెక్కి వెళ్లి కనుక్కుని వచ్చేలోగా ఎవరికీ అక్కర్లేని గుడ్డ మగ్గాల మీద నేసేసి ఉండేవాళ్లు. ఫోనొచ్చాక, అక్కడి షావుకారు "పచ్చ గళ్లు పంపించప్పా" అన్న రోజే పచ్చ నూలు మగ్గమెక్కేది. మూతబడిన షెడ్లు మళ్లీ తెరుచుకున్నాయి. చదువుకున్న పిల్లలు ఉద్యోగాల అర్జీల్లో మా నంబరే రాసి, పక్కింటి ఫోనని తెలిసేలా 'పీపీ' అని పెట్టేవాళ్లు. ఇంటర్వ్యూ కబురొస్తే పరిగెత్తి చెప్పే పని నాది. అట్లా ఒకరి వెనక ఒకరు మద్రాసు కంపెనీల్లో చేరారు.

వాళ్లలో మురుగేశన్న ఒకడు. ఎదురింటి మునెమ్మ పెద్దమ్మ కొడుకు. పెద్దమ్మ అంటే మాకు చుట్టమేమీ కాదు, పిలుపు అంతే. భర్త పోయాక మగ్గాలకు నూలు కండెలు చుట్టి, ఆ ఒక్క కొడుకునీ చదివించుకుంది.

ఇక ఆ ఎత్తకూడదనే రూలు సంగతి... ఎస్టీడీ బూతులో ఇవతల వాళ్లు ఎత్తితేనే మీటరు తిరుగుతుంది. ఎత్తకపోతే పైసా ఖర్చు లేదు. అందుకని వీధిలో ఒక ఏర్పాటు చేసుకున్నారు. మద్రాసులో ఉన్న పిల్లలు ఆదివారం సాయంత్రం రెండు రింగులిచ్చి పెట్టేస్తే బాగున్నట్టు. ఒక్కో ఇంటికి ఒక్కో టైము. ఏడు గంటలు మురుగేశన్నది, ఏడుంపావు ఇంకొకరిది. మా తెలివికి మేమే మురిసిపోయేవాళ్లం! బాగులేకపోతే ఏం చేయాలో మాత్రం... ఒక్కరికీ తోచలేదు.

ఆరున్నరకే పెద్దమ్మ మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చేది. ఫోనులోంచి కొడుకు చూస్తాడన్నట్టే! రెండు రింగులు కాగానే "బాగుండాడు నా బిడ్డ" అని ఫోనుకు దండం పెట్టుకుని వెళ్లిపోయేది.

ఆ ఆదివారం... నాకు పదకొండేళ్లు. సరిగ్గా ఏడుకు ఫోను మోగింది. రెండు... మూడు... నాలుగు... ఆగలేదు. నేను చెయ్యి చాపాను. పెద్దమ్మ గబుక్కున నా చెయ్యి పట్టేసుకుంది.

"ఎత్తబాక పాపా! వానికి మీటరు తిరగతాది."

"ఆగలేదు గదా పెద్దమ్మా..."

"ఈపొద్దు అమ్మ మీద పేమ ఎక్కువైనట్టుండాది లే. మోగనీ!"

ఆగింది. మళ్లీ మొదలైంది. చివరిదాకా మోగింది. పెద్దమ్మ నా చెయ్యి వదలకుండా, నవ్వుకుంటూ వింటూనే ఉంది. మూడోసారి మాత్రం రెండే రింగులకు ఆగిపోయింది.

"సూసినావా... బాగుండాడు" అంది.

మర్నాడు మధ్యాహ్నం మద్రాసులో మురుగేశన్నతో గదిలో ఉండే అబ్బాయి బస్సు దిగి వచ్చాడు. ఫోనులో చెప్పే కబురు కాదని మనిషే వచ్చాడు. వారంగా జ్వరం, కామెర్లు. ఆదివారం సాయంత్రం ఆస్పత్రిలో చేర్చారు. తెల్లారేసరికి అన్న లేడు.

"ఆస్పత్రికి పోతా బూతు కాడ ఆపమన్నాడమ్మా. రెండుసార్లు చేసినాడు, ఎవురూ ఎత్తలా. మాయమ్మ బయపడతాదిరా, ఎప్పట్లాగే కొట్టేస్తా అని... రెండు రింగులు కొట్టి పెట్టేసినాడు."

వీధంతా ఏడ్చింది. పెద్దమ్మ ఏడవలేదు. నా వంక చూసింది. నేను అమ్మ వెనక దాక్కున్నాను.

ఆ తర్వాత వీధిలో రింగుల ఏర్పాటు ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదు... ఎవరికీ చెయ్యాడలేదు అంతే. పెద్దమ్మ మాత్రం ప్రతి ఆదివారం ఏడుకు వచ్చి కూర్చునేది. మోగితే తనే ఎత్తేది. "ఎవురు నాయనా? తిన్నావా? జొరం గిరం లేదు గదా?" ఏ ఇంటి పిల్లాడైనా సరే, అవే మాటలు. వాళ్లూ మీటరు చూసుకోకుండా ఆమెకు జవాబు చెప్పేవాళ్లు.

ఆ సంగతి ఆమె నన్ను ఒక్కసారే అడిగింది. సెల్‌ఫోన్లు వచ్చి, నాయన ఆ ఫోను తీయించేసిన రోజు. లైన్‌మాన్ వైరు చుట్టుకుని వెళ్లిపోయాక, ఖాళీ గూటిని చూస్తూ అంది.

"ఆ పొద్దు నా మాట ఎందుకిన్నావు పాపా?"



ఇప్పుడు ఆ వీధిలో చేతికొక ఫోను. ఎంతసేపు మాట్లాడినా మీటరు బాధ లేదు. వాట్సాప్‌లో వీధికొక గ్రూపు, తెల్లారితే పూల బొమ్మలు... అయినా అమ్మ పేరు వెలుగుతుంటే చూసి కూడా "తర్వాత చేద్దాంలే" అనుకునేవాళ్లు ఎంతమందో. నేను మాత్రం మొదటి రింగుకే ఎత్తేస్తాను. ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంటావా అని ఆఫీసులో నవ్వుతారు. నవ్వనీ.

అప్పట్లో మీ ఇంటి ఫోను ముందు ఎవరు కూర్చుని ఎదురుచూసేవాళ్లో కింద రాయండి... కానీ రాస్తుండగా మీ ఫోను మోగితే, ఇది పక్కన పెట్టేసి ముందు ఎత్తండి.