మిద్దె మీద ఆరబెట్టిన స్నోడ్రాప్ గడ్డలు

తోటపని పుస్తకాల్లో పూసిన మొక్కల గురించే ఎక్కువ రాస్తారు. చేతులారా చంపుకున్నవాటి గురించి రాసేవాళ్ళు తక్కువ. ఈ ఎండల సీమలో చలిదేశపు గడ్డలు నాటాలనుకునేవాళ్ళు నా తప్పు మళ్ళీ చేయకూడదని ఇది రాసిపెడుతున్నాను.

పుట్టపర్తి జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది. అక్కడొక లాడ్జిలో నేను తోటమాలిని. బడిలో చదివింది ఏడో తరగతి, మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. ఏటా చలికాలం మా లాడ్జిలో దిగి తెలుగు నేర్చుకున్న ఆగ్నెస్ అమ్మ, డెబ్బై దాటిన మనిషి, ఆ సెప్టెంబరులో ఇంగ్లండులో ఇల్లు అమ్మేసి ఇక్కడే ఉండిపోవడానికి వచ్చింది. తడి నాచులో చుట్టి పన్నెండు డబుల్ స్నోడ్రాప్ బల్బులు తెచ్చింది. బల్బు అంటే గడ్డ, చిన్న ఉల్లిపాయంత ఉంటుంది. స్నోడ్రాప్ మంచులో పూసే తెల్లపువ్వు. డబుల్ అంటే ముద్దపువ్వు.

"ఓబులేసూ, మా అమ్మ తోట ఇంగ లేదు. ఆడ ఇండ్లు కడతాండారు. ఇవే మిగిలినాయి. ఒక్కసారి పూయించు, చాలు" అంది.

నేను నల్లమాడ రైతు కొడుకును. చెనిక్కాయ, అంటే వేరుశనగ అయినా, ఉల్లిగడ్డ అయినా ముందు ఆరబెట్టాలి, తడి ఉంటే బూజు పడుతుంది. మాకు అదే తెలుసు. నాచు తీసి పారేసి, మిద్దె మీద గోనెపట్టా పరిచి ఐదు రోజులు ఆరబోశాను.

పుస్తకం ఆ తర్వాత తెరిచాను. లైబ్రేరియన్ నూర్జహాన్ మేడం వెతికిచ్చిన ఇంగ్లీషు పుస్తకం, పక్కన నిఘంటువు. స్నోడ్రాప్ గడ్డను ఎండనివ్వకూడదని అందులో ఉంది. మిద్దెక్కి ఒక్కొక్కటీ నొక్కి చూశాను. తొమ్మిది గుల్ల. మూడే గట్టిగా ఉన్నాయి.

మన వేడికి చచ్చిపోయాయంటే ఆమె నమ్మేదే. కానీ గడ్డలన్నీ పట్టుకెళ్ళి చెప్పాను.

"అమ్మా, నేనే చంపినా. ఆరబెట్టినా."

ఆమె గట్టిగా ఉన్న మూడింటినీ ఏరి నా చేతిలో పెట్టింది.

"మూడుండాయి కదా. ఈసారి చదివినాకనే ముట్టుకో."

ఇలాంటి గడ్డలకు చిల్లింగ్ కావాలి, అంటే కొన్ని వారాలు చలిలో ఉంచి చలికాలం వచ్చిందని నమ్మించడం. మూడింటినీ కుండీలో నాటి మా ఇంటి ఫ్రిజ్‌లో పెట్టాను.

"ఏమప్పా, పెరుగు బయట పులుస్తాంటే మట్టికి ఫ్రిజ్జా? రేపు నీ పరుపూ దాంట్లోనే వేస్తా" అంది నా భార్య లక్ష్మీదేవి. కానీ రోజూ మట్టి తడి చూసింది ఆమే.

రెండు కుళ్ళిపోయాయి. మూడోది మొలకెత్తాక కుండీని ఫ్రిజ్‌లోంచి తీసి ఇంట్లో చల్లని మూల పెట్టాను, జనవరి చివర పూసింది. ఆ పొద్దున్నే కుండీని లాడ్జి వరండా నీడలో పెట్టాను. తల వంచుకుని ఉండే పువ్వు కాబట్టి, దాని ముద్దరేకులు పైనుంచి కనపడవు. ఆగ్నెస్ అమ్మ మోకాళ్ళ నొప్పితో వంగలేకపోయింది. లక్ష్మీదేవి తన బొట్టు అద్దం తెచ్చి పువ్వు కింద పెట్టింది. అద్దంలో ఆకుపచ్చ మచ్చల తెల్లరేకులు, పొర మీద పొర.

"మా అమ్మ చిటికెనవేలితో ఎత్తి చూపిస్తాండె" అంది ఆగ్నెస్ అమ్మ.

"అద్దం ఈడనే ఉండనీమ్మా. నిదానంగా చూడు" అంది లక్ష్మీదేవి.

మూడో రోజుకు పువ్వు వాడింది. ఆ గడ్డ మా వేసవిని దాటలేదు. ఇప్పుడు ఎవరు ఏ గడ్డ తెచ్చినా, అది పుట్టిన నేల తడిదా పొడిదా అని అడిగాకే చేతిలోకి తీసుకుంటున్నాను.

పుస్తకం వెతికిచ్చిన నూర్జహాన్ మేడంకు, పెరుగు పులిసినా కుండీని కాపాడిన లక్ష్మీదేవికి, తొమ్మిదింటిని చంపానని తెలిసీ మిగిలిన మూడింటినీ మళ్ళీ నా చేతికే ఇచ్చిన ఆగ్నెస్ అమ్మకు నమస్కారాలు.