గడప తొక్కని ఇల్లు

మా ముత్తాత వేప్పనపల్లి దగ్గరి ఒక పల్లెకు మునసబు. తహసీల్దారు జమాబందీ లెక్కలు చూడటానికి వస్తే మా ఇంటి వసారాలోనే మకాం. ఆయన కొడుకు, అంటే మా తాత, ఆ చుట్టుపక్కల భూమి ఉన్న రైతుల్లో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నవాడు. సొంత పొలంలో స్థలమిచ్చి, రాయి తోలించి, ప్రార్థన మందిరం కట్టించాడు. మా నాయన ఆ సంఘానికి పెద్ద. ప్రభుత్వం ఆ పదవులు ఎత్తేసేదాకా మునసబు కూడా ఆయనే. హోసూరులో నన్ను ఫ్యాక్టరీ స్టోర్సు గుమాస్తాగా మాత్రమే ఎరిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఇది తెలియవలసిన అవసరం ఉందని నా అభిప్రాయం.

మా తోట ఇంటి ముందు ఒక గంట ఉండేది. తాత దాన్ని రాతి స్తంభానికి వేలాడదీయించాడు. తెల్లవారుజామున అది మోగితే ఇంట్లో అందరం ప్రార్థనకు లేవాలి. ఎవరి కుర్చీ వాళ్ళది. కుర్చీ వైపు తిరిగి మోకరించి, కూర్చునే పలక మీద మోచేతులు ఆనించి కళ్ళు మూసుకోవాలి. నాయన ప్రార్థన చేసేవాడు. ముందు ఊరివాళ్ళు, వాళ్ళ తర్వాత ఇంటివాళ్ళు. ఒక్కొక్కరినీ పేరుతో, వాళ్ళ అవసరంతో దేవుడి ముందు పెట్టేవాడు. ఫలానా ఇంటి బాలింతకు పాలు పడటం లేదు, ఫలానా వాడి ఎద్దు కాలు వాచింది, ఇలా. మా సంఘంవాళ్ళే కానక్కరలేదు. ఊళ్ళో ఏ కులంవాడైనా సాయంత్రం వచ్చి వసారా కింద నిలబడి, "రేపు నా మాట కూడా చెప్పు సామీ" అని అడిగిపోయేవాడు.

అడిగినంత మాత్రాన నాయన చెప్పేవాడు కాదు. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. తాత కాలంలో ఒక కౌలుదారు తన భార్యకు జబ్బు చేసిందని చెప్పి పోయాడట. తాత ఆమె ఆరోగ్యం కోసం రోజూ అడిగాడు. కొన్నాళ్ళకు అటు పోయి చూస్తే ఆమె సమాధి మీద గడ్డి మొలిచి ఉంది. ఆ రోజు నుంచి తాత, గడప తొక్కి కళ్ళారా చూడని మనిషి పేరు ప్రార్థనలో ఎత్తలేదు. నాయనా అంతే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎండైనా వానైనా గొడుగు పట్టుకుని సాయంత్రం ఇల్లిల్లూ తిరిగేవాడు. లోపలికి పోయేవాడు, మంచం పక్కన నిలబడేవాడు, రెండు మాటలు అడిగేవాడు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చేవాడు. మరుసటి తెల్లవారి ఆ ఇంటి పేరు మాకు వినిపించేది.

మా అమ్మ నా పసితనంలోనే పోయింది. నన్ను పెంచింది అక్క. గంట కొట్టే పని అక్కదే. చీకట్లో లేచి, చెంబుతో మొహం మీద నీళ్ళు చల్లుకుని, తాడు పట్టుకునేది. గంట మోత ఆగకముందే వచ్చి నా దుప్పటి లాగేసేది.

"లెయ్‌రా సోంబేరీ, దేవుడు నీకంటే ముందే లేసినాడు."

"ఆయనకి చలి లేదు గదక్కా."

"నాయన వింటే నీకు చలి వదుల్తాది. లెయ్."

ఇంకో పని కూడా అక్కదే. ప్రార్థన చేసేవాడు తన పేరు తాను చెప్పుకోకూడదన్నది తాత పెట్టిన పద్ధతి. నాయన చివరగా అక్క పేరు, నా పేరు చెప్పి ఆగేవాడు. అప్పుడు అక్క నాయన పేరు చెప్పేది. పెద్దబిడ్డకు ఉన్న హక్కు అది. ఆమె గొంతు సన్నం. ఆ ఒక్క మాటతో ప్రార్థన ముగిసేది.

డెబ్బైల నడుమ అక్క కృష్ణగిరిలో టైపు నేర్చుకోవడానికి పోయి వస్తుండేది. మా మామిడికాయలు కొనే మండీలో తూకం వేసే గుమాస్తా ఒకతను ఉండేవాడు. అక్క అతన్ని రిజిస్టరు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. అతను హిందువు, అది ఒక మాట. మా కాయలు తూచినవాడు, అది నాయనకు ఇంకా పెద్ద మాట. ఆ రోజు నాయన కోప్పడలేదు, అరవలేదు. మరుసటి తెల్లవారి గంట నన్ను కొట్టమన్నాడు.

ప్రార్థన ఎప్పటిలాగే సాగింది. ఊరివాళ్ళ పేర్లన్నీ అయ్యాక అక్క పేరు రావలసిన చోట నాయన ఆగాడు. మనిషి ఒక పేరు పలికేంత సేపు ఆగి, తర్వాత నా పేరు చెప్పాడు. నేను కళ్ళు తెరిచాను. అక్క కుర్చీ నా పక్కనే ఉంది. దాన్ని ఎవరూ తీయలేదు.

ఆ తర్వాత ప్రతి తెల్లవారీ ఆ ఖాళీ ఉండేది. నాయన ఆ ఇంటి గడప తొక్కడు. తొక్కని ఇంటి పేరు చెప్పడు. కూతురిని మరచిపోయినవాడైతే ఆగకుండా నా పేరుకు వచ్చేసేవాడు. ఆయన ఆగేవాడు. ఆ కాస్త సేపూ నేను అక్క పేరును నాలుక మీద పెట్టుకుని ఉండేవాణ్ణి. పలికే హక్కు నాకు లేదు, నేనూ ఆమె ఇంటికి పోలేదు. చివర్లో నాయన పేరు ఇప్పుడు నేనే చెప్పాలి. నా గొంతులో ఆ మాట మోటుగా ఉండేది. అక్క చెప్పినట్టు చెప్పడానికి చాలాసార్లు ప్రయత్నించాను.

ఒక రోజు నాయన తాలూకా ఆఫీసు పని మీద కృష్ణగిరికి పోయి పొద్దుగుంకాక వచ్చాడు. గొడుగు గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని, అన్నం వద్దన్నాడు. మరుసటి తెల్లవారి ఆ ఖాళీ ఎప్పటికంటే పొడుగ్గా సాగింది. ప్రార్థన మరచిపోయాడేమోనని నేను తల తిప్పి చూశాను. ఆయన మోచేతుల మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు.

పాలివాళ్ళతో వ్యాజ్యాల్లో పొలాలు పోయాయి. మిగిలింది మామిడితోట, అందులోని ఇల్లు. నేను హోసూరులో కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీల్లో ఒకదానిలో చేరాను. కొంతకాలానికి నాయన పోయాడు. సమాధి దగ్గరికి అక్క వచ్చిందని, జనం వెనక నిలబడి మట్టి వేసి పోయిందని తర్వాత విన్నాను. నేను చూడలేదు.

హోసూరులో నేనుండేది వరస ఇళ్ళలో ఒక గది. పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలు మా ఇంటికి తగినవి కావు. ప్రార్థన మాత్రం వదల్లేదు, కానీ దాన్ని నిలబెట్టుకోవడం కష్టమయింది. తోటలో గంట లేపేది. ఇక్కడ ఒక వారం పగలు షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. నిద్ర చాలని తెల్లవారి మోకాళ్ళ మీదే కునికేవాణ్ణి. పైగా పేర్లు కావాలి గదా. మా కట్టుబాటు ప్రకారం పేరు కావాలంటే గడప తొక్కాలి. ఊరు కాని ఊళ్ళో ఎవరి గడప తొక్కను? మొదటి నెలల్లో నా ప్రార్థనలో మనుషులే లేరు. దేవుణ్ణి స్తుతించి, ఆమెన్ అని లేచేవాణ్ణి.

దాన్ని సరిచేసింది గోడకు అవతలి ఇల్లు. అక్కడ కిరాణా కొట్టు శెట్టిగారి భార్య ఉండేది. నేను పైకే ప్రార్థన చేస్తాను, అది మా ఇంటి అలవాటు. గోడ పలచన. ఒక పొద్దున నీళ్ళ కొళాయి దగ్గర బిందె దించి ఆమె అడిగింది.

"ఏమప్పా, దినామూ తెల్లారి ఎవురితో మాట్లాడతాండావు? ఒంటి మనిషివి గదా అని మా ఆయన బయపడతాండాడు."

"ప్రార్థన చేస్తున్నానమ్మా."

"అట్లనా. నా మోకాలు గూడా చెప్పప్పా. ముత్యాలమ్మకి చెప్పినా, సేలం డాక్టరుకి చెప్పినా. మీ సామి ఒకడే బాకీ."

"మీ ఇంటికి వచ్చి చూడకుండా చెప్పకూడదు."

"సూడు మల్ల! మోకాలికి పెళ్ళిచూపులా? రా అప్పా, కాపీ తాగి సూసిపో."

కాఫీ తాగలేదు, కానీ పోయాను. ఆమె మోకాలు వాచి, తైలం వాసన కొడుతోంది. మరుసటి తెల్లవారి ఆమె పేరు చెప్పాను. ఎన్నాళ్ళ తర్వాతో నా ప్రార్థనలో ఒక మనిషి ఉంది. అక్కడి నుంచి పని ముగిశాక, నిద్రకు ముందు, ఎవరో ఒకరి ఇంటికి పోవడం పెట్టుకున్నాను. చెయ్యి నలిగిన ఫిట్టరు, చర్చిలో వెనక వరసలో దగ్గుతూ కూర్చునే ముసలాయన, పరీక్ష తప్పిన శెట్టిగారి కూతురు. తెల్లవారి లేవడానికి గంట అవసరం లేకపోయింది. చూసిన ముఖాలే లేపేవి.

కానీ వరస చివరికి వచ్చేసరికి, ఇంటివాళ్ళ దగ్గర, నేనూ నాయనలాగే ఆగేవాణ్ణి. ఆ ఖాళీ నాకు వారసత్వంగా వచ్చింది. ఆగి, ఆ తర్వాత చెప్పడానికి పేరు లేక ముగించేవాణ్ణి. నా పేరు చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ దేవుడి ముందు పెట్టి, నా పేరు ఒక్కసారి ఎవరైనా అంటే వినాలని కూర్చున్న రోజులు ఉన్నాయి.

శెట్టిగారి భార్య దాన్ని కూడా వదల్లేదు. "ఆకర్న ఒక తావు నిలిచిపోతాండావు. ఏమన్నా మరిచిపోతాండావా?"

"లేదమ్మా. మా అక్క."

"యాడుండాది?"

"కృష్ణగిరిలో."

"ఈడనుంచి రొండు గంటల బస్సు! నా మోకాలు సూడను వస్తివే, ఆ యమ్మని సూడను పోలేవా?"

నేను బిందె ఎత్తుకుని లోపలికి వచ్చాను. ఆమె మాట అబద్ధమని కాదు. మా ఇంటి మనిషి, మండీలో తూకం వేసేవాడి గడప దగ్గర పిలవకుండా నిలబడటం నాకు చేతకాలేదు.

చివరికి దారి పత్రం రూపంలో వచ్చింది. తోట బావి అడుగంటింది. హోసూరు నుంచి చూసుకోవడం సాధ్యం కాలేదు. కొనడానికి ఒకరు ముందుకొచ్చారు. పత్రం రాసే ఆయన కలం ఆపి, "మీ కిరస్తానీల్లో ఆడబిడ్డకీ బాగముందప్పా, ఆ యమ్మ చేవ్రాలు లేకుండా నేను రాసేది లేదు" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఇక పోక తప్పదు అనుకుని ఆ సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను.

కృష్ణగిరిలో అది పాత పేట వెనక మిద్దె ఇల్లు. తలుపు తీసింది ఆ తూకం గుమాస్తానే, జుట్టు నెరిసింది. "రాండి బామ్మర్దీ" అన్నాడు, నిన్ననే వచ్చిపోయినవాడితో అన్నట్టు. నేను గడప దాటాను.

అక్క లావయింది. కళ్ళజోడు వచ్చింది. నన్ను పై నుంచి కిందికి చూసి, "చొక్కాకి ఇస్త్రీ మాత్రం పోలా" అంది. కూర్చోమంది. గోడ మీద వాళ్ళ దేవుళ్ళ పటాలు, కిటికీ అరుగు మీద ఆమె బైబిలు. కాఫీ తెచ్చింది. తాగాను.

"ఇంకా ప్రార్థన చేస్తున్నావా?" అని అడిగాను.

"మిద్దె మీద. ఆయన నిద్ర లేచేలోగా. వీధిలో అందరి పేర్లూ చెప్తా. నీ పేరొకటే చెప్పలా."

"ఎందుకు?"

"ఎందుకేందిరా? నీ గడప నేను తొక్కినానా?"

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఇన్నేళ్ళూ నేను హోసూరులో ఆగినట్టే ఆమె ఇక్కడ ఆగుతూ వచ్చింది.

"నాయన పేరు?"

"చెప్పినా. ఒక పొద్దు ఆయన ఈ వీధి మొగ దాకా వచ్చినాడు. మిద్దె మీంచి గొడుగు సూసినా. నిలబడినాడు, శానా సేపు. పిలిస్తే గదా దిగేదని నేనూ నిలబడినా. పిలవలా. దిగలా." కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. "ఆ మర్నాడు చెప్పినా. గడప కాకపోతే వీధి. దేవుడేమన్నా తక్కెడ పట్టుకుని కూచోనుండాడా?"

"ఆ మాట నేను అనాల" అన్నాడు బావ వంటింట్లోంచి. అక్క నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది.

పత్రం సంగతి చెప్పాను. భాగం గురించి ఆమె అడగలేదు. "రిజిస్టరుకి పోయే పొద్దు, ముందు తోటకి పోదాం. గంట నేను కొడతా" అంది.

మరుసటి తెల్లవారి హోసూరులో, ఆగే చోట ఆగకుండా అక్క పేరు చెప్పాను. ఆమె కోసం ఏమి అడగాలో తోచలేదు. పేరు మాత్రమే చెప్పాను. గోడ అవతల బిందె చప్పుడు ఆగింది.

రిజిస్ట్రేషను రోజు మేమిద్దరం తోట దగ్గర బస్సు దిగేసరికి ఇంకా మంచు ఉంది. కుర్చీలు ఎప్పుడో పోయాయి. అక్క తాడు పట్టుకుంది. తాడు పాతబడి చేతికి పీచు అంటింది. గంట మోగగానే దారిన పాలు తీసుకుపోతున్న ఒక ముసలామె ఆగి, "మునసబు బిడ్డలా? మా కోడలి మాట గూడా చెప్పండి నాయనా" అని పిలిచింది. అక్క ఆమెతో పాటు ఆమె ఇంటికి పోయి, కోడలిని చూసి వచ్చింది. అప్పుడు మొదలుపెట్టాం. ఇద్దరం గడప దాటి లోపలికి పోయి, గోడ వైపు తిరిగి సిమెంటు నేల మీద మోకరించాం. ముసలామె కోడలి పేరు, కృష్ణగిరి పేర్లు ఆ గడపలు తొక్కిన అక్క చెప్పింది. హోసూరు పేర్లు, బావ పేరు, చివరగా అక్క పేరు నేను చెప్పి ఆగాను.

అక్క నా పేరు చెప్పింది. గొంతు అదే.

ఆ మధ్యాహ్నం కృష్ణగిరిలో ఇద్దరం సంతకాలు పెట్టాం. తోట, ఇల్లు, బావి, స్తంభంతో సహా గంట అమ్ముడుపోయాయి.