నా వీపు మీది చెయ్యి

మాది కొత్తగూడ అడవుల దగ్గర ఊరు. గాలి సోకిందనే మాట వింటూనే పెరిగాను. ఎవరికైనా సోకిందంటే ముందు జ్వరం ఎంతుందో చూడమనేదాన్ని. అంగన్‌వాడీలో ఇన్నేళ్లు పనిచేశాను. దయ్యమని ఏడ్చే పిల్లల్లో సగం మంది ఆకలికి ఏడ్చేవాళ్లే. నాలుగు ముద్దలు పెడితే దయ్యం దారిన దయ్యం పోయేది. నేను ఇంకా అదే మనిషిని. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు లెక్కకు అందడం లేదు.

మేముండేది భూపాలపల్లిలో. మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. మూడేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు. వణుకుకైనా అలవాటు పడ్డాం కానీ, నడకే పెద్ద బాధ. బాగానే నడిచి వచ్చిన మనిషి గడప దగ్గర ఆగిపోతాడు. కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. తోస్తే పడతాడు, లాగితే కోప్పడతాడు.

అలా ఉండగా మా బిడ్డ పెళ్లి కుదిరింది. జనగామలో ఫంక్షన్ హాల్ మాట్లాడుకున్నాం. ఒకరోజు మా అన్న వచ్చి మెల్లగా కదిపాడు.

"బావకు పరేషాన్ ఎందుకు చెల్లె? మీ బదులు నేను, మీ వదినె పీటల మీద కూసుంటం. కన్యాదానం మేం చేస్తం."

మంచి మనసుతోనే అన్నాడు. మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. ఉన్నది ఒక్కతే బిడ్డ. గది గడప దాటి, నలుగురి ముందు మండపం దాకా తన కాళ్ల మీద నడవాలన్నదే ఆయన పట్టుదల. చక్రాల కుర్చీ మాటెత్తితే మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

దారి చూపించింది మా అన్న కూతురు శ్రావ్య. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో టాంగో నేర్చుకుంటోంది. టాంగో అంటే ఇద్దరు ఎదురెదురుగా పట్టుకుని, పాటకు తగ్గట్టు నడిచే డాన్సు. ఒకరు నడిపిస్తారు, రెండోవాళ్లు అనుసరిస్తారు. ఈ జబ్బున్నవాళ్లకు మంచిదని వాళ్ల టీచర్ చెప్పిందట. మా డాక్టర్ని అడిగితే, పడకుండా చూసుకోండి చాలన్నాడు.

శ్రావ్య వీలున్నప్పుడల్లా మా ఇంటికి వచ్చి నేర్పేది. పద్ధతి ఇది. ఆయన ముందుకు నడవాలి, నేను వెనక్కి నడవాలి. ఆయన ఎడమచేతిలో నా కుడిచెయ్యి, ఆయన కుడిచెయ్యి నా వీపు మీద. ఆ చేతితోనే ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో నాకు తెలియజేయాలి. కాలనీలో ఎవరైనా చూస్తే పదేళ్లు చెప్పుకుంటారని కిటికీలు మూశాను. శ్రావ్య ఫోన్‌లో ఏదో హార్మోనియం లాంటి వాయిద్యం పెట్టేది. మొదట్లో అన్ని తిట్లూ నాకే.

"అత్తా, ఎనుకకు నడుసుకుంటనే మామను గుంజుతున్నవ్ నువ్వు. మామ చెప్పేదాక జర ఆగు."

ఆగడం నా వల్ల అయ్యే పనా? పెళ్లిలో ఏడడుగులు ఆయన ముందు నడిచాడు. అంతే, రేషన్ కార్డు మొదలుకొని బిడ్డ చదువు దాకా మిగతా అడుగులన్నీ నేనే ముందు.

పెళ్లి ఇంకా నెల రోజులుందనగా వచ్చింది. ఒక ఆదివారం పొద్దున శ్రావ్య, అనుసరించేవాళ్లు కళ్లు మూసుకుంటే బాగా వస్తుందని చెప్పింది. నా ఫోన్‌ను టీవీ పక్కన వంటగది వైపు వీడియోకు పెట్టి, తన ఫోన్‌లో పాట పెట్టి, ఎవరో తలుపు కొడితే బయటికి వెళ్లింది. నేను కళ్లు మూసుకున్నాను. ఈసారి చచ్చినా లాగనని ఒట్టు పెట్టుకున్నాను.

కాసేపటికి వీపు మీద చెయ్యి రెండుసార్లు మెల్లగా తట్టింది. అడుగు వెనక్కి వేశాను. మళ్లీ రెండుసార్లు, మళ్లీ అడుగు. చెయ్యి కొంచెం కూడా వణకడం లేదు. మందులు పనిచేస్తున్నాయనుకున్నాను. వంటగది గడప నా మడమకు తగిలింది, దాటాను. ఆయన కూడా దాటాడు. ఆ తర్వాత చెయ్యి వీపు మీద నుంచి లేచిపోయింది. నేను ఆగి కళ్లు తెరిచాను. నా మడమ వెనక వేలెడు దూరంలో గ్యాస్ సిలిండర్ ఉంది.

ఎదురుగా మా ఆయన ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

"కండ్లెందుకు మూసినవ్? నడిపిచ్చేది నువ్వు గదా" అన్నాను.

"నేనేడ నడిపిచ్చిన? ఎప్పుడైనా నడిపిచ్చేది నువ్వే గదా. గందుకే కండ్లు మూసుకొని నీ ఎంబడి వచ్చిన."

శ్రావ్య వచ్చాక వీడియో చూశాం. ఇద్దరి కళ్లూ మూసుకునే ఉన్నాయి. ఆయన ఎడమచెయ్యి నా చేతిలో ఉంది. కుడిచెయ్యి నా వీపు మీద లేదు. మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా పక్కకు వేలాడుతూ వణుకుతూనే ఉంది. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఎన్నిసార్లు చూసినా అంతే.

వీపు మీద తట్టిన సంగతి నేను చెప్పాను. ఎన్నిసార్లని ఆయన అడిగాడు. అడుగుకు రెండుసార్లు, ఆగమనడానికి చెయ్యి తీసేయడం అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. అప్పుడు చెప్పాడు. బాయిలో కొత్తగా చేరినప్పుడు కొమురన్న అనే పెద్దాయన కింద పనిచేశాడట. లోపల దీపం ఆరిపోతే కొమురన్న వెనక నుంచి వీపు మీద చెయ్యి వేసేవాడట. రెండుసార్లు తడితే అడుగు వెయ్యాలి, చెయ్యి తీస్తే ఆగిపోవాలి. కొమురన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన పేరు విన్నాను కానీ ఈ సంగతి ఆ రోజు దాకా నాకు తెలియదు.

పోనీ కొమురన్నే అనుకుందాం. మరి ఆ చెయ్యి నా వీపు మీద ఎందుకుంది? బాయి చీకట్లో ఆయన నడిపించింది మా ఆయన్ని కదా. ఈ తట్టే సంగతి ఎప్పుడో మా ఆయనే చెప్పి ఉంటాడు, నేను మరిచిపోయి ఉంటాను అని కూడా అనుకున్నాను. అలా సర్దిచెప్పుకుంటే వీడియోకు జవాబు దొరకదు.

పెళ్లి రోజు ఏ చేతి కోసం ఎదురుచూశానో దేవుడికే తెలియాలి. పంతులు గారు కబురు పంపగానే హాల్లో మాకిచ్చిన గది నుంచి బయలుదేరాం. అనుకున్నట్టే గడప దగ్గర ఆయన ఆగిపోయాడు. ఎదురుగా బంధువులంతా ఇటే చూస్తున్నారు. మా అన్న కండువా సర్దుకుని లేవబోయాడు. నా వీపు మీద ఏ చెయ్యీ లేదు. ఇక నేనే ఆయన వీపు మీద రెండుసార్లు తడదామనుకున్నాను. ఒక చేతిలో కొబ్బరికాయ పళ్లెం, ఇంకో చేత్తో ఆయన్ని పట్టుకుని ఉన్నాను. పళ్లెం ఎవరికిద్దామా అని చూసేలోపే ఆయన అడుగు వేశాడు. గడప దాటాడు. మండపం దాకా ఆగకుండా నడిచి పీట మీద కూర్చున్నాడు. బిడ్డ చెయ్యి అల్లుడి చేతిలో ఆయనే పెట్టాడు.

అప్పగింతలు అయ్యాక పక్కకు వచ్చి కూర్చున్నప్పుడు నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

"మంచిగ యాదికుంచుకున్నవ్. సరిగ్గ రెండుసార్లు తట్టినవ్."

నా రెండు చేతులూ ఖాళీ లేవని ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పుడు గడప వచ్చిన ప్రతిసారీ నేనే తడుతున్నాను, ఆయన నడుస్తున్నాడు. ఆ రోజు తట్టింది ఎవరో నాకు తెలియదు.